జానెడు మీద రెండు వేళ్లు

పోయిన శుక్రవారం సూరత్ ఆల్థాన్‌లోని మా ఫ్లాటు గడప ముందు మా కోడలు కొత్త ముగ్గు అంటించింది. వేసింది అనకుండా అంటించింది అంటున్నానంటే, అది ప్లాస్టిక్ ముగ్గు. వెనక కాగితం ఒలిచి నేలకు అదిమితే ఏడాదిపాటు తడిగుడ్డ పెట్టి తుడిచినా చెక్కుచెదరదు. పొద్దుటి పారాయణం ముగించుకుని, చాయ్ గ్లాసుతో గడప దగ్గర కుర్చీ వేసుకున్న నేను చాలాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయాను. దేనికోసం చూస్తున్నానో మొదట నాకే అంతుపట్టలేదు. గ్లాసులో చాయ్ చల్లారిన తర్వాత తెలిసింది, నేను చీమల కోసం చూస్తున్నాను.

కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయిన ఆ ఏడాది నా ఈడువాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు మేము భేస్తాన్‌లో ఉండేవాళ్లం. కింద మరమగ్గాల షెడ్డు, పైన రెండు గదులు. ఊరు వదిలి సూరత్ వచ్చిన నాటి నుంచి, మగ్గాల చప్పుడు లేని రోజంటూ నాకు తెలియదు. ఆ చప్పుడులోనే తిన్నాం, నిద్రపోయాం, పెళ్లిళ్లు చేశాం. కార్మికులంతా ఊళ్లబాట పట్టి షెడ్డు మూగబోయిన రోజున, ఆ నిశ్శబ్దంలో నాకు మొట్టమొదట వినిపించినది ఏమిటంటే, మా ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదన్న సంగతి. మా అబ్బాయీ, మా కోడలూ. అంతకు ముందు నాలుగు నెలలుగా అలాగే ఉన్నారట. మగ్గాల హోరులో ముసలివాణ్ణి నాకు తెలియలేదు.

కారణం లేకపోలేదు. ఆ చలికాలంలో మా కోడలికి నాలుగో నెలలో కడుపు పోయింది. మా అబ్బాయి ఆమెను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి, మంచం మీద పడుకోబెట్టి, కిందికి దిగి మగ్గం ఆన్ చేశాడు. ఆ తర్వాత ఆ బిడ్డ గురించి ఒక్క మాట ఎత్తలేదు. వాడికి బాధ లేదని ఆమె అనుకుంది. వాడు ఏమనుకున్నాడో నాకు తెలియదు. శనివారం భజనల్లో ఎదుటివాళ్ల దుఃఖానికి గంటసేపు ఓదార్పు చెప్పగలిగిన నేను, కన్నకొడుకు ముందు మాత్రం దేవుడి పటం వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

కూతురిని నాలుగు రోజులు ఉంచుకుని పంపుతానని మా వియ్యంకుడు సిరిసిల్ల నుంచి వచ్చాడు. నాలుగు రోజులకైతే పిల్ల పెళ్లిపట్టుచీర ఎందుకు సర్దిందని మా ఆవిడ నా చెవిలో అడిగింది. వాళ్లు ఉధ్నా స్టేషనుకు బయలుదేరవలసిన రోజు ముందే రైళ్లు ఆగిపోయాయి. రెండు చొక్కాలతో వచ్చిన మనిషి మా ఇంట్లోనే చిక్కుబడ్డాడు; సర్దిన పెట్టె విప్పకుండా గోడవారనే ఉండిపోయింది. రైళ్లు నడిచిన రోజున ఆ పెట్టె కదులుతుందనీ, కదిలితే తిరిగి రాదనీ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజుల్లోనే మా అబ్బాయి కారు మొదలుపెట్టాడు. స్పోర్ట్స్ కారు, ఇద్దరు కూర్చునేది, నేలకు జానెడెత్తున పరుగెత్తేది, చేత్తో కట్టుకునేది. చిన్నప్పటినుంచీ వాడికి అదొక పిచ్చి. తుక్కులో దొరికిన పాత కారు ఇంజనొకటి షెడ్డు మూలన తాటిపత్రి పట్టా కింద ఏళ్లుగా పడి ఉంది. మాళిగ వేద్దామని తెచ్చిన చదరపు ఇనుప గొట్టాలు ఉన్నాయి. మగ్గాల మరమ్మతుకు పెట్టుకున్న వెల్డింగు మిషను ఉంది. నాలుగు పాత మగ్గాలు తీసేసిన ఖాళీ నేల మీద సుద్దముక్కతో ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, గీశాడు. అన్నిటికన్నా ముందు దాని కొలత తేలాలన్నాడు.

నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం తక్కువైతే బండి మలుపుల్లో చటుక్కున తిరుగుతుంది గానీ వేగంలో గింగిరాలు కొడుతుంది. ఎక్కువైతే నిలకడగా పోతుంది గానీ మలుపు దగ్గర మొరాయిస్తుంది. ఇంజను పొడవు, కూర్చునేవాడి కాళ్ల పొడవు, బరువు ఎక్కడ పడుతుంది, అన్నీ చూడాలి. ఫోనులో చూసిన లెక్కలేమో మిల్లీమీటర్లలో, అదీ విదేశీ మనుషుల కాళ్లకు. మా వియ్యంకుడు కరీంనగర్‌లో లారీలకు బాడీలు కట్టిన మనిషి, అడుగులూ అంగుళాలూ అంటాడు. నేను నేతగాణ్ణి, నాకు జానా మూరా తప్ప నమ్మకం కుదరదు. ముగ్గురం ఆ సుద్దగీతల చుట్టూ గొంతుక్కూర్చుని ఏ కొలత ఏ కొలతతో సరిపోతుందో తెలియక తికమకపడేవాళ్లం.

"గిది కారా, పీటనా? గింత పొట్టిగుంటె బ్రేకు కొట్టంగనే ముంగటికి మొగ్గుతది," అనేవాడు వియ్యంకుడు.

"లారీ కాదు మామా ఇది. ఇటుకలు నింపుతమా ఏంది?" అనేవాడు మా అబ్బాయి.

చివరికి ఏడున్నర అడుగులని తేల్చి, వెనక చక్రాల దగ్గర అడ్డగీత గీశాడు. మరునాడు పొద్దున దిగి చూస్తే, ఆ గీతకు సరిగ్గా జానెడు వెనక మరో గీత ఉంది.

"నాయినా, ఇది నువ్వు గీసినవా?" అన్నాడు మా అబ్బాయి.

"నేనేడ గీస్త? కింద కూసుంటె నాకు లేవస్తలేదు," అన్నాను.

వియ్యంకుడు తనకు తెలియదన్నాడు. మా అబ్బాయి ఆ గీత చెరపలేదు. మా ఆవిడకైతే కారూ తెలియదు, గీతలూ తెలియవు. ఆ మర్నాడు "ఇల్లంత సుద్ద తొక్కుకుంట తిరుగుతున్రు" అని తిట్టుకుంటూ షెడ్డంతా ఊడ్చి నీళ్లు కొట్టేసింది. మా అబ్బాయి మళ్లీ గీశాడు. ఈసారి ఏడున్నర అడుగుల గీత ఒక్కటే గీశాడు. తెల్లవారేసరికి వెనక గీత మళ్లీ వచ్చింది. నేను జాన పెట్టి చూశాను. జానెడు మీద రెండు వేళ్లు.

నా మనసు ఎటు పోయిందో నా వంటి భక్తులకు చెప్పనక్కరలేదు. వెన్నదొంగ కన్నయ్యను రోటికి కట్టబోయిన తల్లికి ఎంత తాడు ముడివేసినా రెండు వేళ్లే తక్కువ పడింది కదా. ఆ కథ మా భజన మండలిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! రెండు వేళ్లలో ఒక వేలు మనిషి ప్రయత్నమనీ, రెండోది స్వామి దయ అనీ పెద్దలు చెప్పిన అర్థం నాకు కంఠతా వచ్చు. అయితే ఇక్కడ రెండు వేళ్లు తక్కువ పడలేదు, ఎక్కువ పడ్డాయి. దీనికి అర్థం ఏ పెద్దా చెప్పి ఉండలేదు. పైగా, వంగి చూస్తే, మిగతా గీతలన్నీ వదిలేసి ఆ ఒక్క గీత వెంబడే చీమలు బారుగా నడుస్తున్నాయి. ఆ చివర నుంచి ఈ చివరకు, పక్కకు తొణక్కుండా, ఏదో యాత్రకు పోతున్నట్టు. నేను రెండు చేతులూ జోడించాను.

ఆ శనివారం ఫోనులో భజన జరిగినప్పుడు ఈ మహిమ మండలికి చెప్పాను. ఉధ్నాలో ఉండి మా భజనకు తాళాలు వేసే ఆయన నవ్వాడు. "చీమలు తీపికి పోతయి గని సత్సంగానికి పోతయా పెద్దాయినా? ఆడ ఎవలో చక్కెర పారబోసి ఉంటరు."

కోపం వచ్చింది. వచ్చినా, మరుసటి పొద్దున వేలితో ఆ గీతను తాకి నాలుకకు రాసుకున్నాను. చక్కెర కాదు. సుద్దా కాదు. బియ్యప్పిండి. ముగ్గుపిండి అమ్మే దుకాణం మూతపడినప్పటి నుంచి ఆ ఇంట్లో గడప ముందు బియ్యప్పిండితో ముగ్గు పెడుతున్నది ఒక్క మనిషే, మా కోడలు.

వియ్యంకుణ్ణి పిలిచి చూపించాను. ఆయన గొంతుక్కూర్చుని రెండు గీతల మధ్యా తన చెయ్యి పరిచాడు.

"ఇద్దరు కూసునే బండిల, సీట్ల ఎనకాల గీ జాగ దేనికి బావా?" అన్నాడు.

ఆయన చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. పెద్దవాళ్లు పట్టనంత జాగా అది. లేస్తూ, "చీమల్ని తొక్కకుండ్రి," అని మాత్రం అన్నాడు, అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేకపోయినా.

రెండు రోజులకు మా సందులోకి ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. మన వైపుకు రైలు వేస్తున్నారట, పోయేవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. వియ్యంకుడు తన పేరు రాయించాడు. ఇంకో పేరు ఉందా అంటే, రేపు చెబుతానన్నాడు. మెట్ల మీద నిలబడిన మా కోడలు విన్నది. గొట్టాలు సర్దుతున్న మా అబ్బాయీ విన్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరం సరిగా తినలేదు. నేను స్వామిని ఏం అడగాలో తెలియక, అడగడానికి నాకేం హక్కుందో తెలియక, ఊరికే నామం చెప్పుకుంటూ కూర్చున్నాను.

తెల్లవారి మా అబ్బాయి కటింగు మిషను చేతిలో పట్టుకుని, మెట్ల వైపు తలెత్తి, ఎవరి పేరూ పిలవకుండా కేకేశాడు: "జర కిందికి రా. టేపు పట్టుకోవాలె."

ఆమె వచ్చింది. టేపు కొస పట్టుకుంది.

"ఏడ కొయ్యాలె?" అన్నాడు వాడు. నేను లెక్కపెట్టుకున్నంతవరకు అయిదు నెలల్లో ఆమెను వాడు అడిగిన మొదటి మాట అది.

"చీమలున్న కాడ."

వాడు వంగి జాన పెట్టి, దానిమీద రెండు వేళ్లు ఆనించాడు. ఆమె ఒక్క క్షణం చూసి, "నీ వేళ్లు లావు. తియ్యి," అని వాడి చెయ్యి పక్కకు నెట్టి తన వేళ్లు పెట్టింది. వాడు ఆ వేళ్ల పక్కన పెన్సిలుతో గీసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఆడపిల్ల అని చెప్పిండు డాక్టర్. నీకు చెప్పలేకపోయిన," అన్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.

ఆ సమయంలో నన్ను నేను ఉపయోగపడే మనిషిగా చూపించుకుందామని రెండో గొట్టానికి నేను గుర్తు పెట్టాను. కోసి పక్కపక్కన పెడితే నాది మూడు అంగుళాలు పొడుగు. మగ్గం దిగిన గుడ్డ కుదించుకుపోతుంది కాబట్టి నేతగాడు ఎప్పుడూ కాస్త ఎక్కువే పెడతాడు. ఆ చెయ్యి అలవాటున పెట్టేసింది.

"ఇనుము ఉతికితె కుదించుకపోతదా నాయినా?" అన్నాడు మా అబ్బాయి.

మా కోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆపలేక గోడకు ఆనుకుని, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. మా ఆవిడ పైనుంచి పరుగెత్తుకొచ్చి ఎవరేమన్నారని మా మీద విరుచుకుపడింది. సందులోకి కాగితాల ఆయన మళ్లీ వచ్చినప్పుడు, వియ్యంకుడు ఇంకో పేరు లేదని చెప్పాడు. ఒక్కడే వెళ్లాడు, రెండు చొక్కాలతో.

కారు దసరాకు నడిచింది. పైన బాడీ లేకుండా, అస్థిపంజరంలా, మా సందులో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి. చేత్తో కట్టిన బండిని రోడ్డెక్కనివ్వరని తర్వాత తెలిసింది. మగ్గాలు తిరిగి మొదలయ్యాక ఆ ఛాసిస్ గోడవారకు చేరింది. ఇప్పుడు దాని మీద పడుగు నూలు చుట్టిన ఇనుప బీములు పేరుస్తున్నారు. ఆ తర్వాత పుట్టిన మా మనవరాలు రెండేళ్ల వయసులో సీట్ల వెనక ఆ జాగాలో సరిగ్గా పట్టింది. ఇప్పుడు నాలుగేళ్లు, మొన్న కూర్చోబోతే మోకాళ్లు పట్టలేదు.

శుక్రవారం నాడు మా కోడలితో ఈ చీమల సంగతి ఎత్తి, జానెడు మీద రెండు వేళ్లు పెట్టావు, ఎంత ధైర్యం అమ్మా నీది అన్నాను. ఆమె వింతగా చూసింది.

"జానెడు నాది కాదు మామా. మొదటిసారి నేను ముగ్గేద్దామని దిగేసరికి ఆ గీత ఉండనే ఉన్నది, సుద్దతోని. అత్తమ్మ ఊడ్చినంక మళ్ల ఉంటదేమో అని చూసిన. లేదు. గందుకే నేను పిండితోని పెట్టిన. రెండు వేళ్లే నావి."

సుద్దముక్క మా అబ్బాయి జేబులో ఉండేది. కానీ నువ్వు గీశావా అని నన్ను అడిగింది వాడే కదా. వాడే గీసి ఉంటే, మా ఆవిడ ఊడ్చిన తర్వాత మళ్లీ ఎందుకు గీయలేకపోయాడు? వాడు కాకపోతే ఎవరు? లోపల గదిలో నుంచి వాళ్లిద్దరి మాటలు వినిపిస్తున్నాయి. ఈ రోజుల్లో మా ఇంట్లో అందరూ గలగలా మాట్లాడుకుంటారు, దేనికీ నేల మీద గీతలు వెతుక్కోనక్కరలేదు. పిలిచి అడిగితే ఒక్క మాటతో తేలిపోతుంది. తేలితే, ఆ పొద్దున చీమల ముందు నేను పెట్టిన దండం ఎవరికి చేరిందో కూడా తేలిపోతుంది. అడగలేదు. గడప ముందు ప్లాస్టిక్ ముగ్గు నిగనిగలాడుతోంది, దాని దగ్గరకు ఒక్క చీమ కూడా రాలేదు.