అద్దం మీద పులి

వీధి వీధంతా బాబాయి అని పిలిచే ఆ సెలూన్ మనిషికి కత్తెర ఆగినా నోరు ఆగదు. పనికన్నా ముందు గొంతు సవరించుకుంటాడు, దువ్వెన చెవిలో దోపుకుని మరీ గొప్పలు చెబుతాడు. అలాంటివాడికి ఆ పొద్దున దవడ పన్ను పీకి, గంటసేపు దూది కొరికిపట్టమనీ, మాట్లాడినా ఉమ్మినా రక్తం మళ్లీ మొదలవుతుందనీ డాక్టరమ్మ చెప్పి పంపింది. కాపలాకు వాళ్లావిడ బెంచీ మీద కూర్చుంది.

పక్క కొట్టు టైలరు ఈ అదను వదులుతాడా? కుర్చీలో మెడకు గుడ్డ చుట్టించుకున్న కొత్త మనిషితో, "ఈ మహానుభావుడు ఒకప్పుడు సర్కసులో పిల్లికి మీసాలు కత్తిరించాడండీ," అన్నాడు. కత్తెర గాల్లో నిలిచిపోయింది. బాబాయి ఏళ్ల తరబడి తన గొప్పల్లో మేపిన పులిని టైలరు పట్టపగలు పిల్లిని చేసేశాడు. బాబాయి పెదవులు కదిలాయి. "నోరు తెరిచారో, మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరికే," అంది వాళ్లావిడ. బాబాయి గడ్డం నురగలో వేలు ముంచి, అద్దం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి రాశాడు: 'పులి. మేలుకునే ఉంది.' కొత్త మనిషి చదివి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "ఇంత నొప్పిలోనూ రాసి చూపిస్తున్నాడంటే నిజమే అయ్యుంటుందండీ." నోటితో చెప్పినన్నాళ్లూ ఒక్కడూ నమ్మని మాట అది. గంట దాటింది, ఇక దూది తీసెయ్యమంది వాళ్లావిడ. బాబాయి తల అడ్డంగా ఊపి, ఇంకాస్త నురగ కలుపుకున్నాడు.