కొత్త కారులో బాపు మోకు

కారు కొనేముందు సలహా ఇవ్వని మనిషి సిద్దిపేటలో లేడు. ఎత్తుగా ఉండే బండి కొను, మన రోడ్లకు అదే ఆగుతుందని ఆఫీసులో అన్నారు, పక్కింటివాళ్లు అన్నారు, చివరికి కూరగాయలమ్మే ఆమె కూడా అంది. నేను వినలేదు. చేర్యాలలో నా ఉద్యోగం. ఏళ్ల తరబడి బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడినదాన్ని, కొనక కొనక కొనే కారు ఊరందరికీ నచ్చింది ఎందుకు కొనాలి? షోరూంలో ఆ ఎర్ర సెడాన్ నేలకు ఆనుకున్నట్టు, ముక్కు ముందుకు చాచి నిలబడి ఉంది. లోపల నల్ల సీట్లు, వాటి అంచుల్లో ఎర్రదారం కుట్లు. కూర్చుంటే రెండు పక్కల నుంచీ ఒడిసి పట్టుకుంది. ఇంక లేవబుద్ధి కాలేదు.

మొదట్లో నా కాళ్లు నేల మీద లేవు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఆలోచించుకుంటుంది, ఆ తర్వాత వీపును సీటుకు అదిమిపెట్టి దూసుకుపోతుంది. మలుపుల్లో పక్కకు ఒరగదు. కరీంనగర్ రోడ్డు మీద అద్దాలు ఎక్కించుకుని పోతుంటే నాలో నేనే నవ్వుకునేదాన్ని. లోపాలు లేవని కాదు. గతుకు ఏదైనా ఉన్నదున్నట్టు నడుముకు అందిస్తుంది. స్పీడ్ బ్రేకర్ వస్తే ఎంత ఏటవాలుగా ఎక్కించినా కడుపు గర్రుమని గీసుకుంటుంది. ఆ చప్పుడుకు నా ప్రాణం పోయేది. అయినా ముద్దే.

అసలు లోపం బాపు ఎక్కిన రోజు తెలిసింది.

ఇంట్లో నేనూ బాపూ, తండ్రీబిడ్డలం ఇద్దరమే. బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఒక వానాకాలం చెట్టు మీది నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం మీద వేసి ఊరి నడుమ నుంచి మోసుకొచ్చారు. విరిగిన ఎముక కన్నా ఆ మోత ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. దవాఖాన నుంచి రాగానే చెప్పేశాడు.

"నన్ను ఎవ్వలు లేపద్దు. ఎంతసేపన్న కానియ్యి, నేనే లేస్త."

అప్పటి నుంచీ కర్ర ఊతంగా తనే లేస్తాడు. ఎవరైనా సాయం పట్టబోతే చేతి మీద కొడతాడు. నన్ను చుట్టాల ముందే కొట్టాడు.

కారుకు నిమ్మకాయలు తొక్కించే ముందు బాపు అమ్మవారికి పోసినట్టు చక్రాల దగ్గర కల్లు సాక పోశాడు. ఆ తర్వాత ముందు సీట్లో కూర్చోబోయి ఒక్కసారిగా లోపలికి జారిపడ్డాడు.

"గిదేం బండి బిడ్డా, బాయిల దిగినట్టున్నది!"

ఊరు చుట్టివచ్చేదాకా సంబరంగానే ఉన్నాడు. ఇంటి ముందు దిగేటప్పుడు మొదలైంది గోస. ఆ లోతులోంచి తుంటి లేవదు. తలుపు పట్టుకున్నాడు, కర్ర పొడిచాడు, మెడ నరాలు ఉబ్బాయి. వాడకట్టంతా చూస్తోంది. నేను చెయ్యి చాచాను, దెబ్బ పడింది. చివరికి రెండు చేతులూ నేలకు ఆనించి, మోకాళ్ల మీద బయటికి పాకి, అక్కడి నుంచి కర్రతో లేచాడు. పంచెకు అంటిన మన్ను దులుపుకుంటూ ఎవరి మొహమూ చూడకుండా ఇంట్లోకి పోయాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కారును తన్నబుద్ధయింది. ఊరంతా చెప్పింది ఇదే కదా!

మర్నాడు బాపు గోడకు వేలాడుతున్న తన మోకు తీశాడు. చెట్టునూ గీసేవాడి నడుమునూ కలిపి పట్టి ఉంచే తాడు అది. చెట్టు మీది నుంచి పడ్డాక మళ్లీ ముట్టుకోలేదు. దాన్ని తెచ్చి, కారు తలుపు పైన ఉండే పిడికి చుట్టి ముడి వేశాడు. సీట్లో కూర్చుని దాన్ని గుంజి పట్టుకున్నాడు. మొదటిసారి కాలేదు. రెండోసారి పైకి లేచి నిలబడ్డాడు.

"గిది నన్ను ఎన్నడు మోసం చెయ్యలే. మోసం చేసింది కాలు," అన్నాడు.

ఎర్రదారం కుట్ల పక్కన ఆ నల్లబడిన తాడు వేలాడుతుంటే, పులిసిన కల్లు వాసన వేస్తుంటే నాకు మొదట ఒళ్లు మండింది. "ఏం మేడం, కారు చెట్టెక్కుతదా?" అని ఆఫీసులో నవ్వారు. నేనూ నవ్వాను. బాపు లేస్తున్నాడు, నాకు అది చాలు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఆదివారం, తాను గీసిన చెట్లను చూసి వస్తానన్నాడు బాపు. అవి చంద్లాపూర్ దిక్కున ఉన్నాయి. రిజర్వాయర్ కట్ట దాటాక రోడ్డు నిండా ఉలవ కట్టె, కాయలతోనే కోసి ఎండబెట్టిన తీగలు, పరిచి ఉంది. మా దిక్కు అంతే, వచ్చే పోయే బండ్లు తొక్కితే ఉలవలు రాలతాయి, కూలి మిగులుతుంది. ట్రాక్టర్లు తొక్కుతాయి, ఆటోలు తొక్కుతాయి. అంచున చీపుర్లు పట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు.

"ఓ చెల్లె, జర మెల్లగ తొక్కిచ్చుకుంట పో!" అని ఒకామె కేకేసింది.

నేను ఆగాను. కట్టె బంపరు ఎత్తుకు ఉంది. బాపుకు మాత్రం ఉత్సాహం వచ్చింది.

"తొక్కియ్యి బిడ్డా. కొత్త బండి, నలుగురికి పనికి రానియ్యి."

తొక్కించాను. కింద గరగరమని చప్పుడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. బాపు అద్దం దించి తల బయటపెట్టి, తానే కష్టపడి నడుపుతున్నంత గర్వంగా చూశాడు.

"ఇంకోపాలి," అన్నాడు.

తిప్పి మళ్లీ తొక్కించాను. అవతలి కొసకు రాగానే మళ్లీ తిప్పమన్నాడు, తిప్పాను. ఆ నేలబారు కడుపు కింద ఎండు తీగలన్నీ చుట్టుకుంటున్నాయని, వేడి పొగగొట్టానికి ఒత్తుకుంటున్నాయని మా ఇద్దరికీ తట్టలేదు. కమురు వాసన వచ్చినా ఉలవ దుమ్మే అనుకున్నాను.

"మంట! దిగున్రి, మంట!"

ఆడవాళ్లు అరుస్తూ ఉరికొస్తున్నారు. బ్రేకు వేసి దూకి అవతలి వైపుకు పరుగెత్తాను. బాపు వైపు చక్రం వెనక నుంచి పొగ, దాని లోపల ఎర్రగా మంట. తలుపు తీశాను. బాపు అప్పటికే మోకు పట్టుకుని ఉన్నాడు.

"ఆగు. నేనే లేస్త."

"బాపూ, ఇడువు!"

"లేస్తున్న గదనే, ఆగరాదు!"

ఒకసారి గుంజాడు. లేవలేదు. కాళ్ల దగ్గరి నుంచి పొగ లోపలికి వస్తోంది. రెండోసారికి లేస్తాడని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. రెండోసారి దాకా ఆగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విప్పడానికి పెనుగులాడాను. చెట్లను పట్టుకుని బతికిన వేళ్లు అవి, రావు. రెండో చేత్తో నా చెంప మీద కొట్టాడు. నేను మోకు పట్టుకున్న ముంజేతిని కొరికాను. పట్టు సడలింది. చంకల కింద చేతులు వేసి ఈడ్చాను, ఒకామె కాళ్లు అందుకుంది. పంచె ఊడిపోయింది. అట్లాగే ఎత్తుకుపోయి, అంతమంది ఆడవాళ్ల నడుమ రోడ్డు పక్కన పడుకోబెట్టాం. ఎవరో కొంగు కప్పారు.

కారుతో పాటు ఉలవ కట్టె కూడా అంటుకుంది. పంట పోయిన ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. బాపు మాత్రం కారు తలుపు వైపే చూస్తున్నాడు. మోకు కాలి తెగి సీటు మీద పడింది.

"ఇంకొక్క గుంజుకు లేస్తుంటి," అన్నాడు.

ఆయనకు పాదం దగ్గర కొద్దిగా కాలింది, అది మానింది. తుంటికి కొత్తగా ఏమీ కాలేదని, లేచి నడవవచ్చని డాక్టరు చెప్పాడు. నేను మళ్లీ చేర్యాల బస్సులో కమ్మీ పట్టుకుని పోతున్నాను. కారు గురించి ఎవరైనా అడిగితే మంచి బండే, బాగా ఉరికేది అని చెప్తాను. అబద్ధమేమీ కాదు.

బాపు కర్ర తలుపు మూలన ఉంటోంది. పొద్దున చాయ్ తీసుకుని ఆయన గదిలోకి పోతాను. నేను గ్లాసు కింద పెట్టకముందే మంచం మీది నుంచి రెండు చేతులూ పైకి చాపుతాడు. నా వైపు చూడడు, గోడకేసి చూస్తాడు. ముంజేతి మీద నా పళ్ల గాటు ఇంకా కనిపిస్తూనే ఉంది.

"లేపు బిడ్డా," అంటాడు.