ఎదురింటి గుమ్మంలో ముగ్గు

మాది మయూర్ విహార్‌లో మూడో అంతస్తు. పందొమ్మిదేళ్ల మా హాసినికి ఆటిజం, మాటలు రావు. ఎవరినైనా పిలవాలంటే వాళ్ల గుమ్మంలో ముగ్గేస్తుంది, మమ్మల్నైతే మా గది గుమ్మంలో. ఎదురింటి ఆంటీ అది చూడగానే తలుపు తీసి, లోపల కూర్చోబెట్టుకునేవారు. పోయినేడు ఆవిడ ఇల్లు ఖాళీ చేశారు. హాసిని మాత్రం రోజూ అక్కడ ముగ్గేస్తూనే ఉంది.

ఆ ఇంట్లో కొత్తగా దిగిన హిందీ ఆవిడకి ముగ్గంటే తెలీదు. ఒకరోజు మెట్లన్నీ దద్దరిల్లేలా అరిచింది.

"దీదీ, రోజూ మా గుమ్మంలో తెల్లపొడేంటి? మామీద చేతబడి చేయిస్తున్నారా?"

"అచ్ఛా! నాకు చేతబడే వస్తే ముందు మీ నోరు కట్టించేదాన్ని. అది మా పిల్ల పిలుపు. తలుపు తీసి ఓ నవ్వు నవ్వితే మీదేం పోతుంది?"

జనం పోగయ్యారు. నేను తగ్గలేదు. ఇంతలో వాళ్లాయన బకెట్టెడు నీళ్లు తెచ్చి ముగ్గుమీద గుమ్మరించాడు. హాసిని చెవులు మూసుకుని, మెట్లమీదికి కారిపోతున్న తెల్లనీళ్లనే చూస్తూ గోడకి అతుక్కుపోయింది.

చివరికి ఆవిడ, "సారీ దీదీ, తెలీక అన్నాను" అంది. ఇప్పుడు తనే "పాపని ముగ్గేయమనండి, తలుపు తీస్తాను" అంటోంది. చేతిలో పిండి పోస్తే హాసిని వేళ్లు ముడవదు, అంతా జారిపోతుంది. మా ఆయన్నీ పిలవడంలేదు, నన్నూ పిలవడంలేదు.

వాదించి ఎవరి నోరైనా మూయించగలను. మా పిల్లతో ఏం వాదించను?