కదలని వరస

మా అన్న వాల్టర్ కుబాస్కీ కాగితం మిల్లులో పనిచేసేవాడు. మాట తక్కువ, అరుపు ఎక్కువ. సైన్యంలో బ్యూగిల్ అనే ఇత్తడి బాకా ఊదొచ్చిన మనిషి. అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మా ఊళ్ళో పిల్లలు పనీపాటా లేక వీధుల వెంట తిరుగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. పందొమ్మిది వందల అరవై రెండులో మాజీ సైనికుల సంఘం పెద్దల కాళ్ళావేళ్ళా పడి డ్రమ్ములు, బ్యూగిళ్ళు కొనిపించి ‘ఐరన్ లార్క్స్’ అని పిల్లల కవాతు బాజా దళం పెట్టాడు. వాళ్ళ బట్టలు కుట్టింది నేనే.

ఉన్నమాట చెప్పాలి, మొదట్లో మావాళ్ళు వాయించడం అంతంత మాత్రం. నిలబడటంలో మాత్రం వాళ్ళకి సాటి లేదు. ఇలాంటి దళాలకి వేసవిలో పోటీలు జరిగేవి. పోటీ చివర దళాలన్నీ మైదానంలో బారులు తీరి, మార్కులు చదివేదాకా బిగుసుకుని నిలబడాలి. కదిలితే మార్కులు పోతాయి. ఎండకి పక్కవాడు కూలిపోయినా తల తిప్పకూడదు, ప్రథమ చికిత్స వాళ్ళే వచ్చి మోసుకుపోతారు.

“ముక్కు మీద తేనెటీగ వాలితేనో నాన్నా?” అంది ఒకసారి లొరైన్. మా అన్న కూతురే, పదహారేళ్ళది, బ్యూగిల్ ఊదేది.

“వాలనీ. విసుగొచ్చి అదే పోద్ది. మిన్ను విరిగి మీద పడ్డా కదలకూడదు!” అని గదమాయించాడు.

మూడో వేసవిలో రాష్ట్ర పోటీ. మార్కులు చదవబోతున్నారు. వరసకి ఎదురుగా నిలబడ్డ మా అన్న ఉన్నట్టుండి గుండె పట్టుకుని మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగిపోయాడు. లొరైన్ కాళ్ళ ముందే పడ్డాడు. వరసలో ఒక్కరు కదిలితే ఒట్టు!

నేను కంచె అవతల జనంలో ఉన్నాను. “లొరైన్! మీ నాన్నే! పట్టుకోవే!” అని అరిచాను. అది కళ్ళు కూడా తిప్పలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, గడ్డం మాత్రం ఎత్తే ఉంది. నేను కంచె దాటి పరిగెత్తి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటుంటే మైకులో చెప్పారు, మొదటి బహుమతి ఐరన్ లార్క్స్‌కని. అప్పటికీ ఎవరూ కదల్లేదు. వీళ్ళు పిల్లలా, కొయ్యబొమ్మలా?

వాడు బతికాడు. మర్నాడు లొరైన్ కప్పు పట్టుకుని ఆస్పత్రికొచ్చింది.

“గెలిచాం నాన్నా. ఒక్కళ్ళూ కదల్లేదు. నేను కూడా.”

“తెలుసమ్మా. పడ్డప్పుడు నేను తెలివిలోనే ఉన్నా. నీకేసి చెయ్యి చాచాను.”

“చూశాను నాన్నా,” అంది లొరైన్. మెచ్చుకుంటాడేమోనని వాడి మొహంలోకే చూస్తోంది.

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ శీతాకాలంలోనే దళం మూసేశాడు. గెలిచిన దళాన్ని ఎవడైనా మూస్తాడా, మతి పోయిందన్నారు సంఘం వాళ్ళు. ఎందుకు మూశాడో నాకొక్కదానికే చెప్పాడు:

“నా పిల్ల భయపడింది స్టెల్లా. నేను చచ్చిపోతానని కాదు. లేచి తిడతానని.”