గోడలోపలి కొనలు

1983 మార్చి 17, గురువారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. ఫుజైరాలో ఒక ఆసుపత్రి వరండాలో సిస్టర్ మరియకుమారి నాలుగు పుటల టైపు కాగితాలను రెండోసారి చదువుతున్నది. వాటిని తెచ్చిన అరబ్బు యజమాని ఎదుట నిలబడ్డాడు. అతనికి ఇంగ్లీషు రాదు. తన తల్లికి సేవ చేసిన నర్సు మాటమీద గురి. అతని పక్కన, అతని పాత ఇంటిని కనిపెట్టుకుని ఉంటున్న ఖతీజాబీ.

ఖతీజాబీది కడప జిల్లా. భర్త ఇమామ్ హుస్సేన్ 1979లో ఫుజైరాలోనే పోయాడు. ఆ ఇంటి మేడగది కిటికీలోంచి అతన్ని పాతిపెట్టిన ఖబరస్తాన్ గోడ కనిపిస్తుంది. ఇల్లు గట్టిదని తేలితే మరమ్మతు చేయించి ఆమెను అక్కడే ఉంచుతానని యజమాని మాట ఇచ్చాడు. తేలకపోతే ఇల్లు కూల్చడం, ఆమె వీసా రద్దు.

"ఏం రాసినాడు మరియమ్మా ఆ దొర? నా మోకాళ్లకంటే ఆ దూలాలే గట్టివని రాసినాడా లేదా?" అని ఖతీజాబీ నవ్వింది.

ఇంటిని పరీక్షించిన ఇంగ్లీషు ఇంజనీరు మూడో పుటలో ఇలా రాశాడు: పైకి కనిపించినంతవరకు దూలాలలో చెదల ఆనవాళ్లు లేవు. గోడలోకి పోయిన కొనలను చూడటం సాధ్యపడలేదు గనుక అక్కడ నష్టం ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేము. గోడ కొంత విప్పి చూడటం మంచిది.

మరియకుమారి 1944లో నరసాపురంలో పుట్టింది. గుంటూరులో నర్సు శిక్షణ పొంది, 1975లో ఇక్కడికి వచ్చింది. ఇరవై ఏళ్ల వార్డు అనుభవం ఆమెకు ఒక చదువు నేర్పింది. డాక్టర్లు చెడ్డ సంగతిని సూటిగా రాయరు. 'తోసిపుచ్చలేము' అని వారు ఎవరి గురించి రాస్తే ఆ రోగి మంచాన్ని ఆమె ఎవరూ చెప్పకుండానే తన బల్ల దగ్గరికి జరిపించేది. 'ఇంకా పరీక్షించడం మంచిది' అన్నవారిలో తిరిగి నడిచివెళ్లినవారు తక్కువ.

"సిస్టర్, గిరేగా యా నహీ? ఏక్ బాత్ బోలో," అన్నాడు యజమాని. కూలుతుందా లేదా, ఒక్క మాటలో చెప్పమంటున్నాడు.

ఖతీజాబీ పడుకునేది ఆ దూలాల కిందనే. మరియకుమారి కాగితాలు మడిచింది.

"దీవార్ ఖోల్‌కే దేఖో, బోల్తా హై. లేకిన్ ఉస్‌కో షక్ హై," అంది. గోడ విప్పి చూడమంటున్నాడు, కానీ అతనికి అనుమానం ఉంది.

"షక్ హై తో ఖలాస్," అన్నాడతను. అనుమానం ఉంటే ఇక అంతే.

ఖతీజాబీ మడిచిన కాగితాలను ఒకసారి తడిమింది. తరువాత, "నా మేలుకే చెప్పినావులే. మీద పడితే ఎవురు దిక్కు?" అంది.

ఏప్రిల్ 9న ఆమె విమానం ఎక్కింది. అంతకుముందు రోజు మేడగదిలో కిటికీ దగ్గరే కూర్చుంది. అన్నం అక్కడికే తెప్పించుకుంది. "ఆయప్ప గోరీకి నా బదులు నువ్వు సలాం చెప్పు మరియమ్మా. నీ దేవుడు ఏమనుకోడులే," అంది వెళ్లేటప్పుడు.

ఇల్లు కూల్చే పని వడ్రంగి త్రిమూర్తులుకు దొరికింది. అతనిది అమలాపురం. ఏప్రిల్ 22, శుక్రవారం, చర్చిలో ప్రార్థన ముగించుకుని మరియకుమారి అక్కడికి వెళ్లి, నివేదికలోని మాటలు అతనికి చెప్పింది.

"దొరలు కొత్త తలుపుకైనా అలాగే రాస్తారండి సిస్టరుగారూ. రేపేదైనా అయితే వాళ్లమీదికి రాకూడదుగా. చూడలేదంటే చూడలేదనేనండి, అంతకుమించేం లేదు. ఒక్క పూట గోడ తవ్వితే తేలిపోయేదండి."

ఆమె దూలాల కొనలన్నీ కోసి చూపమంది.

"ఇప్పుడెందుకండీ?"

"చూడాలి."

ఆఫ్రికా తీరం నుంచి పడవల్లో తెచ్చిన మడకర్రలు అవి, మొత్తం ముప్ఫై ఎనిమిది. త్రిమూర్తులు ఒక్కొక్క కొనను గోడలో దాగినంత మేర రంపంతో కోసి వరుసగా పేర్చాడు. పని మధ్యాహ్నం మూడుంబావుకు ముగిసింది. మరియకుమారి ప్రతి ముక్కనూ చేత్తో తిప్పి చూసి, సంచిలోంచి పెన్సిలు తీసి నివేదిక వెనుక రాసుకుంది.

చెదలు తిన్నవి: 1.