మొదటి పేరు

సెల్‌ఫోన్లు మా ఊళ్ళలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అనకాపల్లిలో బుచ్చయ్యపేట బస్సెక్కాను. పక్క సీట్లో పెద్దాయన ఒళ్ళో హాజరు పట్టీ ఉంది. రిటైరైన మాస్టారట. చిన్నప్పుడే చదువు మానేసిన ఆడవాళ్ళకు ఊరూరా తిరిగి ఊరికే పాఠాలు చెబుతున్నారట. ఆయన తిప్పుతున్న పేజీల్లో ఊరి పేరు మారుతోంది గానీ మొదటి పేరు మారడం లేదు. నూకరత్నం.

“ఈవిడ అన్ని ఊళ్ళలోనూ ఉందేటండి?” అన్నాను.

ఆయన పట్టీ మూసేశారు.

“నాలుగో క్లాసు పిల్లమ్మా. ముప్పై ఏళ్ళయింది. జొరమొచ్చి చాన్నాళ్ళు రాపోతే పేరు కొట్టేసేను. ఓ రోజు వచ్చి కూకుందట. నేను తలెత్తకుండా హాజరు పిలిచేసేను. తన పేరు రాలేదని పలక సంచీలో ఎట్టుకుని ఎల్లిపోయింది. పక్క పిల్ల సెప్పింది. రేపొత్తాదిలే అనుకున్నాను. వారం పోయేక ఇంటికెల్తే తాళం ఉంది. పనులకి ఎటో పోయేరన్నారు.”

“మళ్ళీ కనబడలేదా?”

“ఏ ఊరెల్లినా ముందు ఆ పేరే పిలుత్తాను. కాసేపు సూత్తాను. పలికినోల్లున్నారు గానీ, ఆ పిల్ల మాత్రం ఇంతవరకూ పలకలేదు.”

ఆయన దిగి చెరుకు తోటల మధ్య నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మా వైపు నూకరత్నాలు వీధికొకరు. ఇప్పటికీ ఆ పేరు ఎవరు పిలిచినా తలెత్తి చూస్తాను. ఎవరో ఒకావిడ పలుకుతుంది. నాలుగో క్లాసులో బడి మానేశావా అని అడగడానికి మాత్రం నాకింకా నోరు రాలేదు.