తలవైపు స్టూలు

2004 జూన్ 14, సోమవారం నాడు నేను విశాఖపట్నంలో మత్తు వైద్యం డిప్లొమాలో చేరాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. అంతకుముందు ఎనిమిదేళ్లు బుచ్చయ్యపేట మండలంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుగా పనిచేశాను. పల్లెల్లో కొన్నేళ్లు పనిచేసిన ప్రభుత్వ డాక్టర్లకు పీజీ సీట్లలో కొంత వాటా ఉండేది. దాన్ని ఇన్‌సర్వీస్ కోటా అనేవారు. జీతం వస్తూనే ఉంటుంది. చదువు పూర్తయ్యాక మళ్లీ ప్రభుత్వంలోనే పనిచేయాలి.

మత్తు వైద్యమే ఎందుకని చాలామంది అడిగారు. కాన్పు కష్టమైన ఆడవాళ్లను నేను అనకాపల్లి పంపేదాన్ని. అక్కడ కడుపు కోసి బిడ్డను తీయగల డాక్టరు ఉండేది, మత్తు ఇచ్చే డాక్టరు ఉండేవాడు కాదు. దాంతో అదే జీపులో విశాఖ పంపేవారు. ఎనిమిదేళ్లు అలా పంపాక, లోటు ఎక్కడుందో అక్కడికే వెళ్లాలనిపించింది.

పల్లెలో నన్ను డాక్టరమ్మగారూ అనేవారు. కాలేజీలో నేను ఫస్టియర్‌ని. ఫస్టియర్ వాళ్లు ఆపరేషన్ ముందురోజు వార్డుకు వెళ్లి రోగిని పరీక్షించాలి. ఊగే పళ్లు ఉన్నాయా, ఆయాసం ఉందా, ఇదివరకు మత్తు పడిందా అని అడగాలి. పొద్దున అందరికంటే ముందు థియేటరుకు వచ్చి మత్తు యంత్రం, ఆక్సిజన్ సిలిండర్లు సరిచూడాలి. మందులు సిరంజిల్లోకి తీసి, ఒక్కోదాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి మందు పేరు, మోతాదు రాయాలి. నాకు పాఠం చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసరుకు ముప్పై రెండేళ్లు. నన్ను మేడం అని పిలుస్తూనే తప్పులు దిద్దేవాడు. అందులో నాకేమీ చిన్నతనం అనిపించలేదు.

హాస్టల్ గది మాత్రం అలవాటు కాలేదు. నా రూమ్మేట్‌కు ఇరవై ఆరేళ్లు. నేను గదిలోకి రాగానే ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లిపోయేది. మెస్సులో పిల్లలు నాకోసం జరిగి చోటు ఇచ్చేవారు, ఆ తర్వాత మాటలు ఆపేసేవారు. తొందరగా తిని లేచిపోవడం నేర్చుకున్నాను.

అనకాపల్లిలో మా వారు, మా అమ్మాయి కెజియా, మా అత్తగారు రాహేలమ్మ ఉండేవారు. మా వారు సబ్బవరం హైస్కూల్లో లెక్కల మాస్టారు. కెజియాకు తొమ్మిదేళ్లు. మాకు పెళ్లయిన చాలా కాలానికి పుట్టిన పిల్ల. అత్తగారిది నాతవరం వైపు ఊరు. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చింది. నేను చేరేనాటికి ఆమెకు డెబ్బై. ఇల్లంతా ఆమె చేతిమీద నడిచింది.

డ్యూటీ పడని శనివారం సాయంత్రం పాసింజర్ పట్టుకుని వచ్చి, ఆదివారం రాత్రికి తిరిగి వెళ్లేదాన్ని. మొదటి ఎనిమిది నెలల్లో నేను ఇంట్లో పడుకున్న రాత్రులు ఇరవై రెండు. కొన్నాళ్లకు వంటింట్లో డబ్బాల చోట్లు మారాయి. పోపు సామాను ఎక్కడుందని అడిగితే కెజియా వచ్చి చూపించేది, చుట్టానికి చూపించినంత మర్యాదగా. ఆదివారం ముగ్గురం కలిసి చర్చికి వెళ్లేవాళ్లం, అత్తగారు ముందే వెళ్లి ముందు వరసలో కూర్చునేది. ఆమె, నేను మాట్లాడుకునేది పాలు, సరుకులు, పిల్ల జలుబు గురించే. ఇంకేమైనా మాట్లాడుకోవడానికి ఇద్దరికీ తీరిక ఉండేది కాదు.

2005 ఫిబ్రవరి 12న అత్తగారు నూతి గట్టు మీద జారి పడింది. కెజియా యూనిఫాం ఉతకడానికి ఆమే నీళ్లు తోడుతోందట. కుడి తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. ప్లేటు, స్క్రూ వేసి బిగించాలి. అనకాపల్లిలో మత్తు డాక్టరు లేడు కనుక ఆమెనూ విశాఖే పంపారు. ఆపరేషన్ పదిహేడో తారీకు గురువారానికి నిర్ణయమైంది.

ఆ నాలుగు రోజుల్లో ఇంటి సంగతి తేల్చాల్సి వచ్చింది. మంచం మీద మనిషిని, తొమ్మిదేళ్ల పిల్లను ఎవరు చూడాలి? మా ఆడపడుచు వార్డు వరండాలో నలుగురి ముందే అడిగేసింది.

“గవర్నమెంటు ఉజ్జోగం ఉంది గదా, ఇంకా ఏటి సదువు? మాయమ్మ ఎముకిరిగింది. ఇంకేటి ఇరిగితే మానేత్తావు?”

మా వారిని అడిగితే నీ ఇష్టం అన్నారు. ఆయన కోపంగా అనలేదు, అందుకే ఆ మాట మరీ బరువుగా తోచింది. మానేస్తే సీటు పోతుంది. మళ్లీ ఎంట్రెన్సు రాసి తెచ్చుకునే ఓపిక నాకు లేదని తెలుసు. అయినా గురువారం ఆపరేషన్ అయ్యాక ప్రొఫెసరుగారి గదికి వెళ్లి మానేస్తున్నానని చెప్పడానికే నిశ్చయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

బుధవారం వార్డులో అత్తగారు ఒక పేచీ పెట్టింది. ఆపరేషన్‌కు అంగీకార పత్రం మీద వేలిముద్ర వెయ్యనంది. ముక్కూ మొహం తెలియనివాడి చేత సూది వేయించుకోదట, నేనే వెయ్యాలట. మా వృత్తిలో సొంతవాళ్లకు మత్తు ఇవ్వకూడదని ఒక కట్టుబాటు ఉంది. చెయ్యి వణుకుతుందని కాదు, ఒక క్షణం ఆలస్యంగా నిర్ణయం తీసుకుంటామని. ప్రొఫెసరుగారికి చెబితే ఆయన మధ్యేమార్గం చూపారు. వెన్నులో సూది అసిస్టెంట్ ప్రొఫెసర్ వేస్తాడు, అవసరమైతే మందులూ అతనే ఇస్తాడు. నేను తలవైపు స్టూలు మీద కూర్చుని నాడి, బీపీ చూస్తూ చార్టు రాస్తాను. ఆ మాట అత్తగారికి చెప్పాను.

“నా తలకాడ నువ్వుంటావు గదా. అయితే ఎవుడు పొడిసినా పొడవనీ” అని బొటనవేలు చాపింది.

వెన్నులో ఇచ్చే మత్తుకు నడుం నుంచి కిందికి స్పర్శ పోతుంది. మనిషి మెలకువగానే ఉంటుంది. రోగి మెడ దగ్గర అడ్డంగా ఒక తెర కడతారు. తెరకు అవతల సర్జన్లు, ఇవతల రోగి తల, మత్తు డాక్టరు. ఆ గురువారం మందు పడ్డాక అత్తగారి బీపీ కొంచెం తగ్గింది. సెలైన్ వేగం పెంచి, ఒక డోసు మందు ఇచ్చాక సర్దుకుంది. స్పిరిట్ దూదితో పొట్ట మీద రాసి, చల్లదనం ఎక్కడివరకు తెలియడం లేదో చూశాం. మత్తు సరిపోయింది. సర్జన్‌కు మొదలుపెట్టమని చెప్పాం.

కొంతసేపటికి ఆమె కళ్లు పైకెత్తి నాకోసం చూసింది. తలవైపు కూర్చున్నవాళ్ల మొహం రోగికి తలకిందులుగా కనిపిస్తుంది.

“అమ్మీ, నా కాళ్లేయి?”

“ఉన్నాయత్తా. మొద్దుబారేయి, అంతే.”

“ఉంటే సాలు. ఇంటికెళ్లినప్పుడు లెక్కెట్టి అట్టుకెళ్లు. నీకు లెక్కలంటే ఇష్టం గదా.”

తెర అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఎవడే ఆ వడ్రంగోడు అని ఆమె గట్టిగానే అడిగింది. సర్జన్ నవ్వాడు. మేకు తిన్నగా దిగుతోందో లేదో కనుక్కోమని నాకు పురమాయించింది. మెల్లిగా మాట్లాడమన్నాను. ఆమె మెల్లిగా మాట్లాడడం మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. ఇంట్లో ఎనిమిది నెలల్లో మేం మాట్లాడుకున్నదంతా కలిపినా ఆ రెండు గంటలంత ఉండదు. ఆమెకు కదలడానికి లేదు, నాకు లేచి వెళ్లడానికి లేదు.

“పిల్ల నీకోసం అడగడం మానేసింది. ఎరికేనా?”

తెలియదన్నాను. అయిదు నిమిషాలకొకసారి చార్టులో నాడికి ఒక చుక్క, బీపీకి రెండు గీతలు పెట్టాలి. చుక్క పెట్టాను.

ఆమె చెప్పుకుపోయింది. మొదట్లో సాయంత్రం పాసింజర్ కూత వినబడితే కెజియా గేటు దగ్గరికి వెళ్లి నిలబడేదట. ఈరోజు శనివారం కాదే అని చెప్పినా వినేది కాదట. క్రిస్మస్ దాకా అలాగే చేసిందట. క్రిస్మస్‌కు నాకు డ్యూటీ పడింది. ఆ తర్వాత గేటు దగ్గరికి వెళ్లలేదట.

“ఏడుపు నేదు, అలక నేదు. అలవాటైపోనాది. నా పక్కలోనే తొంగుంటాది. నిద్దట్లో అమ్మా అని పిలుత్తాది. నాను ఊఁ అంటాను. తప్పేటి?”

మా అసిస్టెంట్ ప్రొఫెసర్ నా పక్కనే నిలబడి అంతా విన్నాడు. ట్రేలోంచి ఒక సిరంజి తీసి, దాని మీది ప్లాస్టర్ నాకు కనబడేలా పట్టుకున్నాడు. పొద్దున ఆ పేరు రాసింది నేనే. నిద్ర మందు. వెన్ను మత్తు తీసుకున్నవాళ్లకు అది కొంచెం ఇచ్చి నిద్రపుచ్చడం మామూలే, సుత్తి చప్పుళ్లకు చాలామంది భయపడతారు. ఇవ్వమంటారా అని కళ్లతోనే అడిగాడు. మంచివాడు. నా మొహం చూసి అడిగాడు.

నేను మానిటర్ చూశాను. నాడి డెబ్బై ఆరు. బీపీ బాగుంది. రక్తంలో ఆక్సిజన్ సరిగ్గా ఉంది. ఆమెకు భయం లేదు, నొప్పి లేదు. ఆ మందు ఆమెకు అక్కర్లేదు. అది పడితే ఊరట కలిగేది నాకు.

వద్దని తల ఊపాను. అతను సిరంజి ట్రేలో పెట్టేశాడు.

“తప్పు కాదత్తా” అన్నాను.

“అయితే ఇను. నువ్వు సదువు మానీసి వొచ్చీద్దామని సూత్తన్నావు. నీ మొకం సూత్తే తెలీదేటి? ఇప్పుడొచ్చీసినా అది నీ పక్కలోకి రాదు. పోయిందేదో పోనాది. సదువు కూడా ఒగ్గీసేవంటే సేతిలో ఏటి మిగుల్తాది? నన్ను ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చేరు? మన ఊర్లో మత్తిచ్చే దిక్కు నేకే గదా. ఆ సంగతి సూడు ముందర.”

మరి ఇంట్లో ఎవరు చేస్తారని అడిగాను. నాతవరం నుంచి తన చెల్లెలి కోడల్ని పిలిపిస్తానంది. కూతురు నోరెత్తితే తనే సమాధానం చెబుతానంది. దాహం అంది. నీళ్లు ఇవ్వకూడదు కనుక తడిపిన దూదితో పెదాలు తుడిచాను. సర్జన్ కుట్లు వేస్తుండగా, మందు లేకుండానే ఆమె నిద్రపోయింది.

ఆ సాయంత్రం నేను ప్రొఫెసరుగారి గదికి వెళ్లలేదు. అత్తగారు చెప్పినట్టే నాతవరం నుంచి మనిషి వచ్చింది. జూన్‌కల్లా అత్తగారు వాకర్ పట్టుకుని నూతి దాకా నడిచింది. నేను 2006లో పరీక్ష పాసై, పోస్టింగు అనకాపల్లికే అడిగి తెచ్చుకున్నాను. అక్కడ మొదటి నెలలో పద్నాలుగు సిజేరియన్లకు మత్తు ఇచ్చాను. ఆ పద్నాలుగు మందినీ జీపెక్కించే అవసరం పడలేదు.

కెజియా విషయంలోనూ అత్తగారి మాటే నిజమైంది. నేను తిరిగి వచ్చేసరికి దానికి పదకొండేళ్లు. నా గదిలో దానికి మంచం వేయించాను. వద్దమ్మా, మామ్మ దగ్గరే పడుకుంటాను అంది. మామ్మ 2011లో పోయేదాకా అక్కడే పడుకుంది, ఆ తర్వాత ఒక్కతే పడుకుంది. ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేస్తోంది. మా మధ్య ఏ గొడవా లేదు. ఫోను చేస్తే అడిగినదానికి జవాబు చెబుతుంది, ఆరోగ్యం జాగ్రత్త అంటుంది. దానికని వేయించిన మంచం ఇంకా నా గదిలోనే ఉంది, దాని మీద మడతపెట్టిన బట్టలు పెడుతున్నాను.

నేను 2020లో రిటైరయ్యాను. జూనియర్లు వచ్చినప్పుడల్లా వాళ్లకు ఒక విషయం చెప్పేదాన్ని. వెన్ను మత్తుకు నడుం కిందే స్పర్శ పోతుంది, చెవులకూ నోటికీ పోదు. రోగి మాట్లాడుతుంటే నిద్ర మందు ఇవ్వాలనిపిస్తుంది. ఇచ్చే ముందు మానిటర్ చూడండి, రోగి మొహం చూడండి. ఆ నిద్ర రోగికి కావాలంటే ఇవ్వండి. మీకు కావాలంటే సిరంజి కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని వినండి.